సెలవు ఎక్కడిది?
యాత్రారచనను చదవడంలో మన పొరపాటు

1

ఒక రాతప్రతిని తిప్పి పంపిన తప్పు గురించి ఈ వ్యాసం. తప్పు నాది. అయితే ఆ తప్పు చేయించిన చదివే పద్ధతి నా ఒక్కడిదే కాదు, అభ్యుదయ సాహిత్య విమర్శలో ఉన్న మనలో చాలామందిది. అందుకే దీన్ని సొంత గొడవగా కాక, ఒక సాహిత్య సమస్యగానే సాటి రచయితల ముందు పెడుతున్నాను.

2018లో నిజామాబాదులో కొందరు మిత్రులం కలిసి జిల్లా రచయితల వచన రచనలతో ఒక సంకలనం తేవాలనుకున్నాం. వచ్చినవాటిని చదివి ఎంపిక చేసే పని నాకు అప్పగించారు. బోధన్ నుంచి ఒక పొడుగు నోటుబుక్కు వచ్చింది. ముప్పై పేజీల దాకా ఉంటుంది. ఒక భార్యాభర్తల జంట సంక్రాంతి రోజుల్లో హైదరాబాదు వెళ్లి మూడు రోజులు ఊరు చూసివచ్చిన వైనం అందులో ఉంది. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, గోల్కొండ, ట్యాంక్‌బండ్, నాంపల్లి నుమాయిష్. అందరూ చూసేవే. నేను నాలుగు పేజీలు శ్రద్ధగా చదివి, తక్కినవి పైపైన తిరగేసి, లోపల ఒక చీటీ పెట్టి తిప్పి పంపాను. ఆ చీటీలో రాసిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి: "విహారయాత్ర వర్ణన. మధ్యతరగతి దృష్టి. సంఘర్షణ లేదు. బోధన్ రచయిత బోధన్ గురించి రాస్తే బాగుండేది."

ఈ మధ్య ఒక మిత్రుడి దగ్గర ఆ నోటుబుక్కు నకలు మళ్లీ కనబడింది. ఈసారి మొదటి పేజీ నుంచి చివరి అంచు దాకా చదివాను. నా చీటీలోని ఒక్క వాక్యమూ నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో చెప్పేముందు, ఆ వాక్యాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి.

2

చీటీ రాసేటప్పుడు నా మనసులో ఉన్నది ఆ నోటుబుక్కు కాదు. అలాంటివేనని నేను ముందే అనుకున్న అనేకానేక యాత్రావ్యాసాలు. వారపత్రికల్లో, పండుగ ప్రత్యేక సంచికల్లో మనం ఎన్నోసార్లు చూసినవే. ఉద్యోగస్థులైన దంపతులు డిసెంబరు చివర సెలవు పెట్టి ఏదో మహానగరానికి బయలుదేరుతారు. రైలు, తెల్లవారుజామున పొగమంచు, వేడి వేడి కాఫీ, హోటలు గది. ఆ తర్వాత దర్శనీయ స్థలాల జాబితా. ప్రతి కట్టడానికీ కట్టించిన రాజుగారి పేరు, కట్టిన సంవత్సరం, ఎత్తు ఎన్ని అడుగులు. మధ్యలో శ్రీమతిగారు కొన్న చీరల మీద ఒక హాస్యం. చివర ఆ మూడు రోజులూ మరపురానివని ఒక ముక్తాయింపు.

ఈ తరహా వ్యాసాల మీద మన అభ్యంతరం అన్యాయమైనది కాదు. వీటిలో శ్రమజీవి కనిపించేది దాదాపు ఒకే సందర్భంలో: ఎక్కువ డబ్బులు అడిగినప్పుడు. ఆటోవాలా మోసం చేస్తాడు, రైల్వే కూలీ దబాయిస్తాడు, గైడు విసిగిస్తాడు. నగరాన్ని నడిపే వాళ్లంతా యాత్రికుడి సంతోషానికి అడ్డుపడేవాళ్లుగా మాత్రమే రచనలోకి వస్తారు. నగరం దానంతట అదే పుట్టి, చూసేవాళ్ల కోసం అలంకరించుకుని కూచున్న వస్తువులా ఉంటుంది.

ఇలా కనిపించడం యాదృచ్ఛికం కాదని ఎంగెల్స్ 1845లోనే చూపాడు. ఇంగ్లండులో కార్మికవర్గ స్థితిగతుల మీద రాసిన పుస్తకంలో ఆయన మాంచెస్టరు నగర నిర్మాణాన్ని వర్ణిస్తాడు. పెద్ద వీధులకు ఇరువైపులా దుకాణాల వరస. ఆ వరస వెనక కార్మికుల వాడలు. ఒక సంపన్నుడు ఏళ్ల తరబడి రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు పోయి వస్తున్నా ఆ వాడలు అతని కంట పడవు. నగరంలో ఏది కనబడాలి, ఏది కనబడకూడదు అన్నది ముందే ఏర్పాటై ఉంటుంది. యాత్రికుడు తన కళ్లతోనే చూస్తున్నాననుకుంటాడు కాని, ఆ ఏర్పాటు చూపించినదాన్నే చూస్తాడు.

మన హైదరాబాదులోనే చూడండి. హుస్సేన్‌సాగర్ మధ్య నిలబడిన బుద్ధ విగ్రహం ముందు ఫొటో తీయించుకోని యాత్రికుడు ఉండడు. ఒకే రాతితో చెక్కినదని, దాని ఎత్తు ఇంతని గైడు చెబుతాడు. 1990 మార్చిలో ఆ విగ్రహాన్ని తరలిస్తున్నప్పుడు పడవ ఒరిగి, విగ్రహం నీళ్లలో మునిగి, పలువురు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉండి, 1992 డిసెంబరులో అది ఇప్పుడున్న చోట నిలబడింది. ఫొటోలో ఈ కథ పడదు.

తాజ్‌మహల్ కోసం చెమటోడ్చిన వాళ్లెవరని శ్రీశ్రీ 'దేశచరిత్రలు'లో అడిగాడు. 1950లో వచ్చిన 'మహాప్రస్థానం' ద్వారా ఆ ప్రశ్న తెలుగు పాఠకుడి నోట నిలిచిపోయింది. దాదాపు అదే కాలంలో, 1935లో, జర్మన్ కవి బ్రెష్ట్ చదువుకుంటున్న ఒక కార్మికుడి చేత అలాంటి ప్రశ్నలే అడిగించాడు. ఆ ప్రశ్న విలువ తగ్గలేదు. అయితే విమర్శకులుగా మనం దాన్ని ఏం చేశాం? ఒక కొలబద్దగా మార్చాం. యాత్రారచనలో ఎక్కడో ఒకచోట "ఈ కోట వెనక ఎందరు కూలీల నెత్తురుందో" అన్న వాక్యం ఉంటే అది అభ్యుదయ రచన. లేకపోతే విహారం. రచయితలకు కూడా ఈ సంగతి తెలిసిపోయింది. కోట కథంతా రాజు గొప్పతనంతో నింపి, చివర కూలీలకు ఒక వాక్యం కేటాయించడం నేర్చుకున్నారు. అలాంటి వాక్యం ఉన్న రెండు వ్యాసాలను నేను ఆ సంకలనానికి ఎంపిక చేశాను. బోధన్ నోటుబుక్కులో ఆ వాక్యం లేదు.

3

వాక్యం ఉండటం వేరు, చూపు ఉండటం వేరు. ఈ తేడా తెలుసుకోవడానికి తెలుగులో యాత్రారచనకు ఆది అనదగిన పుస్తకాన్నే తీసుకుందాం.

ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న కుటుంబంతో, పెద్ద పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. హైదరాబాదు దాటాక ఆయన నాగపూరు దారి పట్టి, ఇప్పటి కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల ఊళ్ల మీదుగానే గోదావరి వైపు వెళ్లాడు. మనం రోజూ బస్సులో దాటిపోయే ఊళ్లలో ఆయన మజిలీలు చేశాడు.

వీరాస్వామిని అభ్యుదయవాది అని ఎవరూ అనరు. కుంఫిణీ పాలన మీద గౌరవం ఉన్నవాడు, వర్ణవ్యవస్థలో తన స్థానాన్ని ప్రశ్నించనివాడు, పల్లకీలో ప్రయాణం చేసినవాడు. అయినా ఆయన పుస్తకంలో పల్లకీ దానంతట అది కదలదు. దాన్ని మోసే బోయీలు ఉంటారు. వాళ్లకు ఇవ్వవలసినది, వాళ్ల తిండి, వాళ్ల కష్టం ఉంటాయి. ఏ మజిలీలో సరుకులు దొరుకుతాయి, ఏ ఊళ్లో నీళ్లు మంచివి, దారి ఎక్కడ రాళ్లు, ఎక్కడ బురద, ఏరు ఎలా దాటాలి అన్నది రాస్తూ పోతాడు. తన వెనక వచ్చే యాత్రికులకు పనికిరావాలనే ఉద్దేశంతో ఆ లెక్క రాశాడు. ఆ లెక్కలోనుంచి ఆనాటి సమాజం మనకు కనబడుతుంది. రచయిత దృక్పథానికి అందనిది కూడా ఆ లెక్కలో మిగిలి ఉంది.

దీన్నిబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. యాత్రారచనలో విమర్శకుడు ముందుగా వెతకవలసినది రచయిత ప్రకటించిన సానుభూతిని కాదు. ప్రయాణం ఎలా సాధ్యమైందన్న లెక్కను. ఖర్చు ఎవరిది? మోసింది ఎవరు? రాత్రి పడుకున్నది ఎవరి ఇంట్లో? అన్నిటికన్నా ముందు, సెలవు ఎక్కడిది? ఈ ప్రశ్నలకు సమాధానం దొరికే రచనలో కూలీల మీద విడిగా వాక్యం లేకపోయినా ఫరవాలేదు. దొరకని రచనలో ఆ వాక్యం ఉన్నా ఉపయోగం లేదు.

సెలవు ప్రశ్నను బోధన్ ప్రాంతానికి అన్వయించి చూస్తే, నేను చేసిన పొరపాటు ఎంత పెద్దదో తెలుస్తుంది.

4

మంజీర మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. ఆ కాలువల కింద చెరుకు పెరిగింది. 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. ఆ నాటి నుంచి ఈ ప్రాంతపు పంచాంగం మారిపోయింది. తక్కిన ప్రపంచానికి శీతాకాలం అంటే సెలవులు, ప్రయాణాలు. చెరుకు ప్రాంతానికి శీతాకాలం అంటే 'సీజన్'. ఈ మాటను బోధన్‌లో చదువురాని ముసలమ్మ కూడా వాడుతుంది. కార్తీకం నుంచి దాదాపు హోలీ దాకా గానుగ ఆడుతుంది. చెరుకు కోశాక ఆగదు. ఎండినకొద్దీ తూకం పోతుంది, తీపి తగ్గుతుంది. కోసినదాన్ని వెంటనే ఆడాలి. అందువల్ల బండ్ల బారు రాత్రీ పగలూ తెగదు, కాటా ఆగదు, బాయిలరు చల్లారదు. ఆ నెలల్లో పండుగ వచ్చినా, పెళ్లి వచ్చినా షిఫ్టు షిఫ్టే.

ఇక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది సీజనల్ కార్మికులు. గానుగ ఆడినన్నాళ్లే పని. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం జీతంతో కూడిన సెలవుకు ఏడాదిలో 240 రోజుల పనిని షరతుగా పెట్టింది. నాలుగైదు నెలలు ఆడే గానుగలో 240 రోజులు ఎక్కడి నుంచి వస్తాయి? పని ఉన్నప్పుడు సెలవు లేదు, సెలవు ఉన్నప్పుడు పని లేదు. ప్రభుత్వోద్యోగికి సెలవు ప్రయాణ రాయితీ ఉంటుంది. సీజనల్ కార్మికుడికి ఆ మాట వినికిడి మాత్రమే.

సెలవు కూడా పోరాడి తెచ్చుకున్న హక్కే. 1936లో ఫ్రాన్సులో లక్షలాది కార్మికులు సమ్మె చేసి ఫ్యాక్టరీలు ఆక్రమించిన తర్వాతే, పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం ఏడాదికి రెండు వారాల జీతపు సెలవును చట్టం చేసింది. ఆ వేసవిలో ఎందరో కార్మికులు జీవితంలో మొదటిసారి సముద్రం చూశారు. దాన్ని ఆనాటి అభ్యుదయవాదులు విహారమని కొట్టిపారేయలేదు, విజయమని పండుగ చేసుకున్నారు. మరి ఒక కార్మికుడు భార్యతో కలిసి చార్మినార్ చూసివస్తే మనం 'మధ్యతరగతి దృష్టి' అని ఎలా అంటాం? చూడటం ఒక వర్గానికి పుట్టుహక్కు, మరో వర్గానికి తప్పు అని మనమే ఒప్పుకున్నట్టు కాదా?

ఇదే శీతాకాలంలో దంపతులు చేసే మరో ప్రయాణం ఉంది. మంజీర అవతల మరాఠ్వాడాలో, బీడ్ వంటి జిల్లాల నుంచి, దసరా దీపావళుల తర్వాత వేలాది కుటుంబాలు చెరుకు కోతకు పశ్చిమ మహారాష్ట్ర, కర్ణాటక మిల్లులకు తరలిపోతాయి. అక్కడి ముఠామేస్త్రీ మగవాడినో ఆడమనిషినో విడిగా పనిలో పెట్టుకోడు. భార్యాభర్తలు ఇద్దరినీ కలిపి ఒక 'కొయ్‌తా' అంటాడు. కొయ్‌తా అంటే కొడవలి. అడ్వాన్సు ఆ జంటకు కలిపి ఇస్తారు. ఒక వర్గంలో దంపతులంటే జంటగా సెలవు తీసుకునేవాళ్లు. మరో వర్గంలో దంపతులంటే జంటగా పనిలోకి తీసుకోబడే ఒక పనిముట్టు. 'దంపతుల శీతాకాల యాత్ర' అన్నప్పుడు ఈ రెండిటిలో ఏది అని అడగకుండా వస్తువును గురించి తీర్పు చెప్పడానికి వీల్లేదు.

5

ఇప్పుడు నోటుబుక్కు దగ్గరికి వస్తాను.

అట్ట మీద భర్త పేరు ఒక్కటే ఉంది. లోపలి పేజీలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. చేతిరాతలు రెండు. ఆయన రాసిన చోట దూరాలు, బస్సులు, ధరలు ఉంటాయి. ఆమె రాసిన చోట మనుషులు ఉంటారు. నేను 2018లో చీటీ ఒక్క 'రచయిత'కే రాశాను. రెండు చేతిరాతలు ఉన్నాయని కూడా గమనించలేదు. స్త్రీ రచన మీద సభల్లో మాట్లాడే నేను, నా చేతిలో ఉన్న స్త్రీ రచనను చూడలేకపోయాను.

రెండో పేజీలో ఆమె రాసిన వాక్యం ఒకటి: "ఈ యేడు సీజన్ లేదు గదా, పోయి సూసొద్దం అన్నడు మా ఆయిన." మొదటిసారి ఈ వాక్యం మీదుగా నా కన్ను జారిపోయింది. ప్రయాణం తేదీ ఆ పైనే ఉంది: 2016 జనవరి. అంతకు మూడు వారాల ముందు, 2015 డిసెంబరు 23న, బోధన్ ఫ్యాక్టరీకి లే-ఆఫ్ ప్రకటించారు. 2002లో ప్రైవేటు చేతికి వెళ్లిన ఆ ఫ్యాక్టరీలో 2015–16 సీజన్‌కు చెరుకు ఆడలేదు. ఆ భర్త కాటా దగ్గర సీజనల్ మనిషి. పంతొమ్మిది శీతాకాలాలు బండ్లు తూచాడు. పెళ్లయిన పదిహేడేళ్లలో సంక్రాంతికి ఇద్దరూ కలిసి ఊరు దాటడం అదే మొదటిసారి. వాళ్ల జీవితంలో వచ్చిన మొదటి శీతాకాలపు సెలవు, పని పోవడం వల్ల వచ్చిన సెలవు.

ఈ ఒక్క విషయం తెలిశాక రచనంతా మరోలా చదువుకోవలసివస్తుంది. బోధన్ రచయిత బోధన్ గురించి రాయలేదని నేనన్నాను. ఆ ముప్పై పేజీల్లో బోధన్ లేని పేజీ ఒక్కటీ లేదు.

వాళ్లు దిగింది హోటల్లో కాదు. జీడిమెట్లలో ఆడబిడ్డ ఇంట్లో. ఒకటే గది. ఆడబిడ్డ భర్తకు రాత్రి షిఫ్టు. ఆయన పొద్దున వచ్చి పడుకోవాలి. "అన్న నిద్ర చెడగొట్టొద్దని మేం పొద్దుగాల్నే ఎల్లిపోతిమి" అని ఆమె రాసింది. మూడు రోజులూ వాళ్లు పొద్దంతా నగరం తిరగడానికి కారణం ఉత్సాహం ఒక్కటే కాదు. గది ఖాళీ చేయాలి. వాళ్ల విహారం మరొకరి షిఫ్టు ప్రకారం నడిచింది. నేను దీన్ని అనవసరమైన ఇంటి ముచ్చటగా లెక్కవేశాను.

నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఏటా జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి సగం దాకా, అంటే సరిగ్గా గానుగ ఆడే నెలల్లో, జరుగుతుంది. పంతొమ్మిదేళ్లుగా పేరు వినడమే తప్ప ఆ భర్త దాన్ని చూడలేకపోవడానికి అదే కారణం. అక్కడ చెరుకు రసం బండి దగ్గర వాళ్లు ఆగుతారు. ఆయన ఒక గడను చేతిలోకి తీసుకుని, బరువు చూసి, "కోసి నాల్గొద్దులైంది, తూకం పోయింది" అంటాడు. బండివాడు నవ్వుతాడు. ఆయన డబ్బులిచ్చి రసం తాగి వచ్చేస్తాడు. ఇంతే రాశారు. వ్యాఖ్య లేదు. చేతిలో నైపుణ్యం అలాగే ఉంది, దానితో ఇక పనిలేదు అన్న సంగతిని ఇంతకన్నా బాగా చెప్పే వాక్యం ఆ సంకలనంలో మేం వేసిన ఏ వ్యాసంలోనూ లేదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం అందరికీ తెలిసినదే. ప్రతి గంటకూ చిన్న తలుపు తెరుచుకుని, ఒక బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. అది చూడటానికి జనం మూగుతారు. అదే గడియారంలో సుత్తితో కమ్మరి బొమ్మ ఒకటి ప్రతి సెకనుకూ కొడుతూనే ఉంటుంది. ఆమె ఇలా రాసింది: "గంట కొట్టేటాయినను సూడనీకి అందరు వచ్చిన్రు. సుత్తె కొట్టేటాయిన పొద్దంత కొడ్తనే ఉన్నడు, ఆయినను ఎవ్వలు సూడరు. నేను ఆయిన్నే సూసిన." మ్యూజియం మీద వచ్చిన వ్యాసాలు చాలానే చదివాను. కాని ఆ కమ్మరిని చూసిన రచయితను ఇంతవరకు చదవలేదు. కూలీల మీద వాక్యం ఎక్కడుందని నేను వెతుకుతున్నప్పుడు, ఆమె తన కళ్ల ముందున్న శ్రమను చూస్తూ నిలబడింది.

గోల్కొండలో కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలాహిస్సార్‌లో వినబడుతుందని గైడు చూపిస్తాడు. అక్కడ ఇద్దరికీ గుర్తొచ్చింది ఫ్యాక్టరీ సైరన్. ఎన్ని ఊళ్ల దాకా వినబడేదో ఆయన లెక్కపెడతాడు. సైరన్ లేనప్పటి నుంచి పొద్దు ఎట్లా పొడిచిందో తెలియడం లేదని ఆమె రాస్తుంది.

లోపాలు లేవని కాదు. జూపార్కు భాగం, చార్మినార్ భాగం ఏదో గైడు పుస్తకం నుంచి ఎత్తిరాసినట్టున్నాయి. 'నయనానందకరం', 'శిల్పకళా వైభవం' వంటి మాటలు అక్కడే వస్తాయి. గమనించవలసిన విషయం ఏమిటంటే, రచనలో రెండు భాషలు ఉన్నాయి. చూడవలసినదని ఇతరులు చెప్పినదాన్ని చూసినప్పుడు పుస్తకాల తెలుగు వస్తుంది. తాము చూసినదాన్ని రాసినప్పుడు ఇందూరు తెలుగు వస్తుంది. చూపు అరువుదైన చోట భాష కూడా అరువుదే. నిజమైన సంపాదకుడు చేయవలసిన పని ఈ తేడాను వాళ్లకు చూపించి, అరువు పేజీలు తీసేయమని చెప్పడం. నేను మొదటి నాలుగు పేజీలు శ్రద్ధగా చదివానన్నాను కదా. అవి దాదాపు చార్మినార్ పేజీలే. మధ్యలో దొర్లిన సీజన్ వాక్యం నా దృష్టిలో నిలవలేదు.

చివరి పేజీ అంచున పెన్సిలుతో ఒక ఫోన్ నంబరు ఉంది. దాని పక్కన ఆయన చేతిరాతలో: "వాచ్‌మన్ కావలె. భార్యాభర్తలు ఉండాలె." తిరుగు ప్రయాణానికి ముందు ఏదో అపార్టుమెంటు గేటు మీద చూసి రాసుకున్నది కావచ్చు. దాన్ని రచనలో భాగం కాదనుకున్నాను. రచన మొత్తాన్ని తేల్చే వాక్యం అదే. ఊరు చూడటానికి వెళ్లిన మనిషి, తెలిసో తెలియకో, బతుకుదెరువు కూడా చూసివచ్చాడు. అవతలి ఒడ్డున కొయ్‌తాకు కావలసింది జంట. ఇక్కడ గేటుకు కావలసిందీ జంటే.

6

ఈ అనుభవం నుంచి విమర్శకులుగా మనం తీసుకోవలసినది ఏమిటి?

మొదటిది, వస్తువును పేరు చూసి నిర్ణయించకూడదు. విహారయాత్ర అనగానే పెటీ బూర్జువా వస్తువు, సమ్మె అనగానే కార్మిక వస్తువు అనుకోవడం యాంత్రికత. ఏ వస్తువైనా ఏ వర్గ జీవితంలో, ఏ సంవత్సరంలో, ఏ నెలలో జరిగిందన్నదాన్ని బట్టి దాని స్వభావం మారుతుంది. తేదీ చదవని విమర్శ చారిత్రక దృష్టి గురించి మాట్లాడకూడదు.

రెండవది, సంఘర్షణ ఎప్పుడూ కేకలతో రాదు. పని పోయిన మూడు వారాలకు, ఉన్న కొద్ది డబ్బుతో, భార్యకు పదిహేడేళ్ల కిందటి మాట చెల్లించడానికి బయలుదేరిన మనిషిలో సంఘర్షణ లేదనడానికి నాకేం హక్కుంది? వాళ్లు దాన్ని చెప్పుకోలేదు. చెప్పుకోకపోవడం లోపమని నేననుకున్నాను. అది వాళ్ల మర్యాద.

మూడవది, మన పనితీరుకు సంబంధించినది. మన జిల్లాకు ఒక సంప్రదాయం ఉంది. దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి పాఠకులను వెతుక్కున్నాడు. దాశరథితో పాటు ఇందూరు ఖిల్లా జైల్లో ఖైదీగా ఉన్నాడు. అక్కడ చూసిన మనుషులనే 'జైలు లోపల' కథల్లోకి తెచ్చాడు. జైల్లో ఉన్నవాడు కూడా చుట్టూ ఉన్నవాళ్లను చదివాడు. మనం ఇంట్లో కుర్చీలో కూచుని, ఇంటికి వచ్చిన రాతప్రతిని కూడా చదవలేకపోయాం. ఆయన పాఠకుడి దాకా నడిచివెళ్లిన దూరంలో, మనం రచయిత దాకా కనీసం నాలుగడుగులు వేయాలి. చీటీ పెట్టి పంపే బదులు బోధన్ బస్సెక్కి ఉంటే, ఆ ఇంట్లో అరగంట కూచుంటే, ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

నకలు మళ్లీ చదివాక నేను బోధన్ వెళ్లాను. ఆ ఇంటికి తాళం ఉంది. ఇద్దరూ హైదరాబాదులోనే ఉంటున్నారని పక్కింటివాళ్లు చెప్పారు. ఫోన్‌లో ఆమెతో మాట్లాడాను. ఏ చీటీ గురించి చెబుతున్నానో ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. క్షమించమని అడిగాను. "పెద్దోళ్లు, మీకు తెల్వదా సారూ" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకు తెలియలేదు. ఉన్నా న్యాయమే. నోటుబుక్కును ఇప్పుడు అచ్చువేస్తామని, ఆ తర్వాతి భాగం కూడా రాయమని అడిగాను. రాయాలనే ఉందని, గేటు దగ్గర ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఉండాలి కనుక కలిసి కూచుని రాయడం కుదరడం లేదని చెప్పింది. నగరంలో ఇప్పుడు ఎనిమిదేళ్లుగా ఉంటున్నారు. ఆ తర్వాత మళ్లీ నుమాయిష్ చూశారా అని అడిగాను. లేదంది.

ఆ రెండో భాగం వస్తే దాన్ని యాత్రారచన అనాలో, మరేమనాలో మన ప్రక్రియల జాబితాలో పేరు లేదు. పేరు తర్వాత వెతుక్కోవచ్చు. వాళ్లు రాయడానికి వీలుగా, వాళ్లిద్దరూ ఉన్న చోటికి వెళ్లి, ఆమె చెబుతుంటే రాసుకోవడానికి కొందరు యువ రచయితలు ముందుకు రావాలి. మీ దగ్గరికి కూడా ఇలాంటి నోటుబుక్కులు వస్తూ ఉండవచ్చు. తిప్పి పంపేముందు తేదీ చూడండి. చేతిరాతలు ఎన్నో చూడండి. పేజీ అంచులు కూడా చదవండి.